గంగాళం అడుగు, కాక నాలుక

ఆ రోజుల్లో నా ప్యాంటు జేబులో ఎప్పుడూ ఒక అయస్కాంతం ముక్క ఉండేది. పాడైపోయిన రేడియో స్పీకరు నుంచి ఊడదీసుకున్నది. డెబ్బయిల చివర్లో వరంగల్‌లో మా వాడకట్టు ఇళ్లలోకి స్టీలు గిన్నెలు కొత్తగా వస్తున్నాయి. పాత బట్టలు తీసుకుని గిన్నెలిచ్చే ఆడవాళ్లు గంప దించగానే, "జర ఆ కాలేజి పిలగాన్ని పిల్వుర్రి" అని నాకు కబురొచ్చేది. నేను వెళ్లి గిన్నెకు అయస్కాంతం ఆనించేవాణ్ని. అంటుకోకపోతే మంచి స్టీలు. అంటుకుంటే గంప మళ్లీ నెత్తికెక్కేది.

బాగా సాగగొట్టి చేసిన మంచి స్టీలు గిన్నె కూడా అంచు దగ్గర కాస్త అంటుకుంటుందని నాకు తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా పరీక్షకు విలువ తగ్గుతుంది. నా మూలంగా ఎంతమంది గంపల ఆడవాళ్లు మోసగత్తెలనిపించుకుని వెళ్లిపోయారో ఇప్పుడు లెక్క తీయలేను. అనుమానించేవాడే తెలివైనవాడని అప్పట్లో నా నమ్మకం.

మాది తివాచీలు నేసే ఇల్లు. బాపు నేతగాళ్ల సొసైటీ మగ్గం మీద ఉన్ని తివాచీలు నేసేవాడు. నేను మాత్రం చదువుకుని, ఊళ్లోని ఒక ఇంజనీరింగు కాలేజీలో, లోహాలను పరీక్షించే ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాను. లోహపు ముక్కను కోసి, అద్దమయ్యేదాకా సానబట్టి, దానికి కాస్త ఆమ్లం తాకించి, మైక్రోస్కోపు కింద పెట్టి విద్యార్థులకు చూపించడం నా పని. పైకి ఒకే పలకలా కనిపించే లోహం అక్కడ పొలాల పటంలా కనిపిస్తుంది. ఒక్కొక్క రేణువు ఒక్కొక్క మడి. మడికీ మడికీ నడుమ సన్నటి గట్టు. మడులు ఎంత పెద్దవి, గట్లు ఎంత గట్టివి అన్నదాన్ని బట్టే ఆ లోహం ఎన్నాళ్లు బతుకుతుందో తెలుస్తుంది. ఇదంతా పిల్లలకు చెప్పేటప్పుడు నాకు గొంతు పెరిగేది.

సొసైటీ రంగుల షెడ్డు మా ఇంటికి నాలుగు గుమ్మాల అవతల. అక్కడ ఉన్నికి రంగు వేసే ఆయన్ని వాడకట్టంతా కాక అనే పిలిచేవాళ్లు. నాకు చుట్టమేమీ కాడు, బాపు ఈడువాడు, దోస్తు. నోటి దురుసు మనిషి. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. ఆ రంగును చూసి ఆ వారం మగ్గాల మీద ఏ తివాచీలు లేస్తున్నాయో చెప్పేవాళ్లం.

ఉన్ని రంగు పట్టాలంటే కాగే నీళ్లలో రంగుతో పాటు కాస్త తేజాబ్ పోయాలి. అంటే గంధకామ్లం. తక్కువైతే రంగు ఉన్నిలోకి ఎక్కదు, ఎక్కువైతే పోగు పెళుసవుతుంది. కాకకు కొలగిన్నె లేదు. తేజాబ్ పోసి, కలిపి, గరిటె చివర నుంచి ఒక చుక్క వేలికి తీసుకుని నాలుక కొసకు తాకించేవాడు. వెంటనే పక్కకు ఉమ్మేసి, "ఆఁ, దించుర్రి" అనేవాడు. అప్పుడు ఉన్ని లడీలు, అంటే పోగుల చుట్టలు, గంగాళంలోకి దిగేవి. వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్న పద్ధతి. అంత పలచటి నీళ్లలో ఆ పులుపును పసిగట్టడం మాలో ఎవరికీ చేతనయ్యేది కాదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. నలుపో, ముదురు ఎరుపో వేసిన తర్వాత లేతరంగు వేయాల్సి వస్తే, గంగాళాన్ని కడిగితే సరిపోదు. పాత రంగు గోడలను పట్టుకుని ఉంటుంది. అందుకని ఖాళీ గంగాళాన్ని బొగ్గుల మీద పెట్టి, అడుగు ఎర్రబడేదాకా కాల్చేవాళ్లు. పాత రంగు బూడిదయిపోయేది. బొగ్గుల మీదే దాన్ని మెల్లగా చల్లారనిచ్చి, చింతపండుతో తోమేవాళ్లు. రాగి గంగాళాలకు అది తరాల నుంచి చేస్తున్న పనే.

ఆ రాగి గంగాళాలు అరిగిపోయాయని సొసైటీ ప్రెసిడెంటు హైదరాబాదు పోయి స్టీలు గంగాళం కొనుక్కొచ్చాడు. అయస్కాంతంతో పాటు నన్నూ వెంట తీసుకెళ్లాడు. అంటుకోలేదు. నేను తలాడించాను. ప్రెసిడెంటు నా వీపు తట్టాడు.

అది వచ్చిన కొత్తలో ఒక పొద్దున నేను సైకిలు మీద కాలేజీకి పోతుంటే కాక షెడ్డు గుమ్మంలోంచి కేకేశాడు.

"కొడుకా, దీన్ని గూడ రాగిదాని లెక్క కాల్చుకోవచ్చునా? ఏమన్న అయితదా?"

నేను సైకిలు దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించాను.

"కాకా, అది కొలిమిల పుట్టింది. నీ బొగ్గులకేం భయపడ్తది?"

"గంతేనంటవా?"

"గంతే."

ఆయన నవ్వి లోపలికి పోయాడు. నేను కాలేజీకి పోయాను. ఆ మాట నాకు మళ్లీ గుర్తు రావడానికి రెండు ఎండాకాలాలు పట్టింది.

మొదట మచ్చలు వచ్చాయి. తెల్లటి ఉన్నికి లేత గంధం రంగు వేస్తే, లడీల మీద అక్కడక్కడ తుప్పు చుక్కలు. ఎరుపు వేస్తే మాడినట్టు మబ్బుగా వచ్చేది. తివాచీలు కొనే బేరగాడు కొన్నిటిని తిప్పి పంపాడు. దాంతో వాడకట్టులో ఒకరి మీద ఒకరికి కన్ను పడింది. ధర్మసాగర్ చెరువు నుంచి నల్లాల్లో వచ్చే నీళ్లలో మట్టి ఉందని కొందరన్నారు. బావినీళ్లు పోసి చూశారు, మచ్చలు పోలేదు. ప్రెసిడెంటు హైదరాబాదులో నాసిరకం గంగాళం అంటగట్టించుకున్నాడని కాక అన్నాడు. కాకకు స్టీలు గిట్టదు కాబట్టి కావాలనే పాడుచేస్తున్నాడని ప్రెసిడెంటు అన్నాడు. గంగాళం మంచిదని తలాడించినవాణ్ని నేను. అది నాసిరకమైతే తప్పు నా మీదికి వస్తుంది. అందుకే నా అనుమానం కాక మీదికే నడిచింది.

నిజానికి ఆ గంగాళం అడుగును ఒక్కసారి వంగి చూసి ఉంటే చాలు. నేను మనిషిని చూశాను. సాయంత్రాలు ఎదురు హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని షెడ్డులోకి చూస్తూ కూర్చునేవాణ్ని. కాక తేజాబ్ జాడీ దగ్గరికి ఎన్నిసార్లు పోతున్నాడు, చెయ్యి వణుకుతోందా, రుచి చూసేముందు నోట్లోంచి చుట్ట తీస్తున్నాడా లేదా. ఒకసారి ఎవరూ లేనప్పుడు లోపలికి పోయి జాడీ మీద సుద్దముక్కతో గీత కూడా గీశాను. వారం తిరిగాక చూస్తే మట్టం గీత కిందికి దిగింది. ఆ వారం పనికి ఎంత దిగాలో నాకు తెలియదు. దిగిందన్నది మాత్రం చూసి, దొరికాడనుకున్నాను.

చాయ్ హోటల్లోనే ప్రెసిడెంటుతో అన్నాను. "కాక నాలుక మొద్దుబారినట్టున్నది. చుట్టలు తాగి తాగి. తేజాబ్ ఎక్కువ పోస్తాండు. అదే గంగాళాన్ని తింటాంది."

ఆ మాట మర్నాటికి మగ్గాల దాకా పోయింది. నేసే ఆడవాళ్లు ఊరుకుంటారా. ఒకామె చాయ్ గ్లాసు అందిస్తూ, "కాకా, చక్కెర ఏసిన్నో లేదో నీ నాలుకకు తెలుస్తాందా? లేకుంటె మల్ల ఏత్త" అంది. అందరూ నవ్వారు. కాక కూడా నవ్వి, "నీ మొగడు నీ కూర తింటాండు సూడు, ఆని నాలుక సచ్చిందే బిడ్డా, నాది గాదు" అన్నాడు. ఇంకా నవ్వారు. కానీ చాయ్ మాత్రం ఆయన అక్కడే పెట్టేసి వెళ్లిపోయాడు.

ఒకరోజు పొయ్యి బుస్సుమంది. గంగాళం అడుగు చెమరుస్తోంది. పొయ్యి ఆర్పి అందరూ షెడ్డులో పోగయ్యారు. బాపు కూడా వచ్చి గుంజకానుకుని నిలబడ్డాడు.

"కాకా, కొన్ని దినాలు నువ్వు రెస్టు తీసుకోరాదు" అన్నాడు ప్రెసిడెంటు. "కొత్త గంగాళం తెప్పిస్త. పిలగాన్నెవన్ని చూసి పెడ్త."

"రెస్టా? నేనేం ముసలెద్దునా, కొట్టంల కట్టేస్తానికి?" కాక అందరివైపూ చూసి నా దగ్గర ఆగాడు. "నువ్వు సదువుకున్నోనివి. నువ్వు చెప్పు కొడుకా. నా నాలుకనేనా?"

తేజాబ్ ఎక్కువైతే స్టీలైనా ఆగదు కాకా, అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదు. ఏ పుస్తకంలో వెతికినా దొరుకుతుంది. ఆ చోట, ఆ మనిషి అడిగినప్పుడు చెప్పాల్సిన మాట మాత్రం అది కాదు. కాక భుజం మీది తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. అన్నేళ్లూ ఆయన చేతులు తుడుచుకోవడం నేను చూడలేదు. వారం తిరక్కుండానే నర్సంపేట పోయి, ఒక పత్తి వ్యాపారి దగ్గర బోరాలు, అంటే గోనెసంచులు, కుట్టే పనిలో చేరాడని తెలిసింది.

నా మాటకు సాక్ష్యం కూడా ఉంటే బాగుంటుందనిపించింది. ఆ చెమర్చిన స్టీలు గంగాళం నుంచి రెండు ముక్కలు కోయించి కాలేజీకి తీసుకెళ్లాను. ఒకటి అడుగుది. రెండోది పక్క గోడది, రంగునీళ్లలో మునుగుతుంది కాని బొగ్గుల వేడి అందని చోటుది. రెండింటినీ తేజాబ్ సమానంగా తిన్నదని చూపించాలని నా ఎత్తు.

సానబట్టి, ఆమ్లం తాకించి, పక్క ముక్కను ముందు చూశాను. శుభ్రంగా ఉంది. మడులు, మధ్య వెంట్రుక లాంటి గట్లు. అడుగు ముక్కను పెట్టాను. గట్లు లేవు. వాటి చోట కందకాలున్నాయి. ప్రతి రేణువు చుట్టూ నల్లటి లోతైన కందకం, రేణువు మాత్రం చెక్కుచెదరకుండా నడుమ దీవిలా.

నాకు ముందు కలిగింది అనుమానమే. ఎవరో ముక్క మార్చేశారనుకున్నాను. మళ్లీ కోసి, మళ్లీ సానబట్టి చూశాను. అదే.

ఆ జబ్బు నాకు తెలుసు. ఏటా పిల్లలకు చూపించేదే. తుప్పు పట్టకుండా స్టీలును కాచేది దానిలో కలిసిన క్రోమియం. స్టీలును ఎర్రగా కాల్చి మెల్లగా చల్లారనిస్తే, లోపలున్న బొగ్గు అంశ, అంటే కార్బన్, రేణువుల గట్ల మీదికి చేరి, అక్కడి క్రోమియంను తన వైపు లాగేసుకుంటుంది. గట్టు పొడవునా కాపలా లేని సన్నటి పట్టీ మిగిలిపోతుంది. ఆమ్లం ఆ పట్టీలోంచి దూరుతుంది. మడిని ముట్టదు, గట్టునే తింటూ పోతుంది. చివరికి రేణువులు ఒకదాన్నొకటి విడిచిపెట్టి ఉప్పులా రాలిపోతాయి. ఉన్ని మీది తుప్పు చుక్కలు అట్లా కరిగిన ఇనుమే. పుస్తకంలో అది వెల్డింగుతో అతుకు వేసినచోట, ఆ వేడి తగిలిన పక్క భాగంలో వచ్చే జబ్బని రాసి ఉంటుంది. అందుకని నా బుర్రలో అది అతుకుల దగ్గరే ఉండిపోయింది. కాక బొగ్గుల దాకా రాలేదు.

రంగు కాగేటప్పుడు నీళ్లుంటాయి కాబట్టి అడుగు అంత వేడెక్కదు. ఖాళీగా పెట్టి ఎర్రగా కాల్చినప్పుడే ఆ చేటు జరిగింది. రెండు ముక్కలూ అదే తేజాబ్‌లో మునిగాయి. తేడా మంట ఒక్కటే. సైకిలు దిగకుండా నేను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. కాకకు ఏదో ఒక పని దొరికింది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బాపు ఒకసారి అన్నం తింటూ, "ముక్కలు పట్కపోతివి, ఏం తేలింది?" అన్నాడు. ఇంకా చూస్తున్నామన్నాను.

అట్లాగే గడిచిపోయేదేమో. కాని కొత్త స్టీలు గంగాళం వచ్చింది. దాంతో పాటు కొలగిన్నెతో పనిచేసే కొత్త రంగులాయన వచ్చాడు. నలుపు వేయడం అయ్యాక ఒక సాయంత్రం నేను పోయేసరికి అతడు ఖాళీ గంగాళాన్ని పొయ్యి మీదికి ఎక్కిస్తున్నాడు. కింద బొగ్గులు నిప్పు కణికలై ఉన్నాయి.

"దించు! కాల్చకు!" అని అరిచాను.

"ఎందుకన్నా? అందరు కాల్చేదే గద."

"కంపెనీవాళ్లు వద్దన్నరు" అన్నాను. గంగాళాన్ని కాపాడుతూ కూడా అబద్ధమే ఆడాను. అతడు నన్ను ఎగాదిగా చూసి, "ఎప్పుడన్నరు?" అన్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. గంపల ఆడవాళ్లను నేను చూసిన చూపే.

ఆ ఆదివారం నర్సంపేట బస్సెక్కాను. కాక పత్తి షెడ్డు ముందర బోరం మూతి కుడుతున్నాడు. చేతుల మీద ఏ రంగూ లేదు. నేను చూసిందంతా చెప్పాను. ఆయన సూది ఆపకుండా విన్నాడు.

"అయితే నా నాలుక మంచిగనే ఉన్నదంటవు."

"మంచిగనే ఉన్నది కాకా."

"గా ముచ్చట నాకు చెప్పనీకి బస్సెక్కి వచ్చినవా? నాలుక నాదేనాయె, నాకెరుక లేదా?" దారం కొరికాడు. "ఎవ్వల ముందట అన్నవో వాళ్ల ముందట చెప్పు. నాకు చెప్తె ఏమొస్తది?"

షెడ్డులోనే చెప్పాను. ప్రెసిడెంటు, నేసేవాళ్లు, బాపు, కొత్త రంగులాయన అందరూ ఉన్నారు. కాక కూడా వచ్చి గుమ్మం బయటే కూర్చున్నాడు. రేణువులు, గట్లు అన్నాను. ఒక్కరూ నమ్మలేదు. నాలుక చచ్చిందని నేనన్నప్పుడు ఎవరూ రుజువు అడగలేదు. ఇప్పుడు అందరికీ రుజువు కావాలి.

"మీ బాపు మొహం చూసి చెప్తానవు" అన్నాడు ప్రెసిడెంటు. "దోస్తులైరి గద ఇద్దరు."

"మైక్రోస్కోపుల చూపిస్త రాండ్రి."

"అండ్ల నువ్వేం పెడ్తవో మాకేమెరుక? ముక్కకేమన్న రాసుకొస్తవు."

వాళ్లను తప్పుపట్టలేను. ఆ విద్య వాడకట్టుకు నేర్పింది నేనే. అందుకని నేను దేన్నీ ముట్టనన్నాను. పాత గంగాళం పైఅంచు నుంచి రెండు పట్టీలు కాకే కోశాడు. ఒకదానికి గాటు పెట్టి బొగ్గుల్లో ఎర్రగా కాల్చి అక్కడే చల్లారనిచ్చాడు. రెండోదాన్ని అట్లాగే ఉంచాడు. కాలేజీ నుంచి తెచ్చిన గాజుపాత్రలో తేజాబ్, మైలుతుత్తం కలిపిన నీళ్లు పోసి, రెండింటినీ వేసి కాగబెట్టారు. కొన్ని రోజులు పట్టింది. వంతులవారీగా మనుషులు కాపలా కూర్చున్నారు, పాత్రకు కాదు, నాకు.

బయటికి తీశాక రెండూ ఒకేలా ఉన్నాయి. ప్రెసిడెంటు నవ్వాడు. కాక కాల్చని పట్టీని బండ మీద వేశాడు. గణగణమంది. కాల్చినదాన్ని వేశాడు. తడి చెక్కలా చప్పుడైంది. నవ్వు ఆగింది. మొదటిదాన్ని చేతులతో వంచితే జడపిన్నులా మడతపడింది. రెండోది వంచగానే పగిలిపోయి, సన్నటి బూడిద రంగు గింజలు కాక అరచేతిలో రాలాయి.

ప్రెసిడెంటు ఒక గింజను తీసుకుని వేళ్ల నడుమ నలిపి చూశాడు. తర్వాత ప్రెసిడెంటే అన్నాడు. "మరైతే తప్పు కాకదే గద. కాల్చింది కాకనే."

ఒకరిద్దరు అవునన్నారు. నాకు బయటపడే దారి దొరికింది. కాక నావైపు చూశాడు. ఆ పొద్దున అడిగిన సంగతి ఆయన మరచిపోలేదు. అయినా ఇన్నాళ్లూ ఎక్కడా ఎత్తలేదు, ఇప్పుడూ నోరు విప్పలేదు. నేను చెబుతానో లేదో చూస్తున్నాడు.

"కాక నన్నడిగిండు" అన్నాను. "కాల్చొచ్చునా అని. నేనే కాల్చుమన్న."

"నీకెరుక ఉండి కూడనా?" అన్నాడు ప్రెసిడెంటు.

"ఎరికే. ఆలోచన చెయ్యలె. సైకిల్ దిగలె."

బాపు అక్కణ్నుంచి లేచి మగ్గం దగ్గరికి పోయాడు. చాలా రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

కాకను మళ్లీ పిలిచారు. కొత్తాయన మగ్గానికి మారాడు. కాక వచ్చిన మొదటి రోజు గంగాళాన్ని కాల్చలేదు. ఇటుక పొడితో, చింతపండుతో మధ్యాహ్నం దాకా తోమించాడు. నీళ్లు కాగాయి. రంగు వేశాడు, తేజాబ్ పోశాడు, కలిపాడు. వేలికి చుక్క తీసుకుని నాలుకకు తాకించి ఉమ్మాడు. లడీలు పట్టుకున్నవాళ్లు "దించుర్రి" అనే మాట కోసం చూస్తున్నారు. ఆయన అనలేదు. మళ్లీ చుక్క తీసుకున్నాడు. మళ్లీ ఉమ్మాడు. చుట్టూ చూసి, నన్ను పిలిచి గరిటె నా ముందు పెట్టాడు.

"నువ్వు జర చూడు."

నాకేం తెలుస్తుంది? తాకించుకున్నాను. ఉత్త పులుపు. మంచిగనే ఉంది కాకా అన్నాను. "నీకెట్లెరుక?" అన్నాడు కోపంగా. తర్వాత గొంతు తగ్గించి, "మీ కాలేజిల రంగు మారే కాగితముంటదట గద, తేజాబ్ ఎంతున్నదో చెప్పేది" అన్నాడు.

తెచ్చిచ్చాను. ఆ తర్వాత ఎనభైల్లో ఆయన పని మానేసేదాకా అవి అయిపోకుండా తెచ్చివ్వడం నా వంతయింది. ముందు నాలుకకు తాకించేవాడు. తర్వాత కాగితం ముంచి, కిటికీ వెలుగులో పెట్టి చూసేవాడు. ఆ కాగితం ఆయన నాలుకను ఒక్కనాడూ కాదనలేదు. అయినా దానివైపు చూడకుండా ఆయన మళ్లీ ఎన్నడూ ఉన్ని దించమనలేదు.